వార్ అండ్ పీస్ పదకొండు మంది కలిసి చదవాలి: ఎక్కడ తేడా కొడుతుంది?

మూడోబెంచి:

నమస్కారం అండి. మా చదువుల గుంపు ఇన్నాళ్లూ నెలకో పుస్తకం, అదీ 300 పేజీల లోపే చదువుతూ వచ్చింది. జనవరి నుంచి టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’ మొత్తం చదవాలని అనుకున్నాం. పదకొండు మందిమి: హైదరాబాద్‌లో ఐదుగురు, విజయవాడలో ఇద్దరు, డాలస్‌లో ముగ్గురు, లండన్‌లో ఒకరు. ఆదివారాలు గూగుల్ మీట్‌లో కలుస్తాం. రష్యన్ ఎవరికీ రాదు. ఇద్దరికి ఇంగ్లీషులో ఇంత లావు నవల ఇదే మొదటిది.

నా సందేహాలు ఇవీ. ఎవరి దగ్గరున్న అనువాదం వాళ్లు చదువుకోవచ్చా, లేక అందరం ఒకటే కొనాలా? వారానికి ఎంత పెట్టుకుంటే సగంలో ఆగిపోకుండా ఉంటాం? పేర్లు గుర్తుపెట్టుకునే ఉపాయం ఏమన్నా ఉందా? ఆ చరిత్ర వ్యాసాలు వదిలేసి కథ మాత్రం చదివితే నష్టమా?

పుస్తకం గొప్పదనం గురించి చెప్పక్కర్లేదండీ, అది ఒప్పుకునే దిగుతున్నాం. పని ఎలా నడపాలో చెప్పండి చాలు.


పాతపుస్తకాలబజారు:

మొదటి ప్రశ్నకి జవాబు: వేర్వేరు అనువాదాలు చదవొచ్చు. కానీ అధ్యాయాల నంబర్లు ముందే సరిచూసుకోకపోతే రెండో వారానికే గుంపు చెల్లాచెదురవుతుంది.

ఈ నవలకి రెండు రకాల నంబర్లు చలామణిలో ఉన్నాయి. ఒకటి నాలుగు సంపుటాలు, వాటిలో 15 భాగాలు, చివర రెండు భాగాల ఎపిలోగ్ (ముగింపు భాగం). ఈ లెక్కలో మొత్తం 361 అధ్యాయాలు. పెవేర్, వొలొఖోన్‌స్కీల అనువాదం (2007) ఇలాగే ఉంటుంది. రెండోది ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మాడ్ దంపతుల అనువాదం. అందులో సంపుటాలు ఉండవు, ‘బుక్ 1’ నుంచి ‘బుక్ 15’ దాకా వరసగా పోతాయి, అధ్యాయాలు 365. కథలో తేడా ఏమీ లేదు. మొదటి భాగాన్ని ఒకరు 25 ముక్కలు చేస్తే ఇంకొకరు 28 చేశారు, ఐదో బుక్‌లో 21కి బదులు 22 చేశారు, అంతే.

అంతే అన్నాను గానీ గొడవంతా అక్కడే. రొస్తోవుల ఇంట్లో పేరు పండగ (నేమ్ డే) విందు ఒక ప్రతిలో ఏడో అధ్యాయంలో మొదలైతే, ఇంకో ప్రతిలో పదోదిలో మొదలవుతుంది. ‘ఈ వారం 6 దాకా’ అని మీరు మెసేజ్ పెట్టారనుకోండి. ఒకాయన దొలోహవ్ మూడో అంతస్తు కిటికీ గట్టు మీద కూర్చుని రమ్ము సీసా ఎత్తి తాగే సన్నివేశం దాకా చదువుకొస్తాడు, మాడ్ ప్రతి ఉన్నాయన ఆ ఛాయలకే రాడు. చర్చ మొదలుపెట్టాక గానీ ఈ సంగతి బయటపడదు.

పరీక్ష తేలిక. ప్రతి ఒక్కరూ తమ పుస్తకంలో మొదటి భాగం చివరి అధ్యాయం నంబరు చూసి గ్రూపులో పెట్టాలి. 25 వస్తే సంపుటాల లెక్క, 28 వస్తే బుక్‌ల లెక్క. మార్చుకునే సూత్రం: మొదటి సంపుటంలో భాగం నంబరే బుక్ నంబరు. రెండో సంపుటంలో భాగానికి 3 కలపండి, మూడో సంపుటంలో 8, నాలుగో సంపుటంలో 11. అంటే మూడో సంపుటం రెండో భాగం అన్నా ‘బుక్ 10’ అన్నా ఒకటే, బొరొదినో యుద్ధం ఉన్నది అందులోనే. గ్రూపులో ఎప్పుడూ మూడు అంకెల్లో రాయండి: 3.2.19 అంటే మూడో సంపుటం, రెండో భాగం, 19వ అధ్యాయం. పేజీ నంబర్లు వాడొద్దు. కిండిల్ శాతం అసలే వద్దు. చివర్లో నోట్స్ ఎన్ని పేజీలుంటే ఆ శాతం అంత పక్కకి జరుగుతుంది.

ఇక ఏ అనువాదం అంటారా? నేనైతే ఇలా పంచుతాను. ఇంగ్లీషులో లావు నవల అలవాటు లేనివాళ్లకి బ్రిగ్స్ (పెంగ్విన్, 2005). ఫ్రెంచి మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చేశాడు, ఎక్కడా ఆగే పని లేదు. పెవేర్ జంట ఫ్రెంచిని ఫ్రెంచిలోనే ఉంచి అడుగున అర్థం ఇచ్చారు. నవల మొదటి వాక్యమే ఫ్రెంచి, కాబట్టి ఆ పేజీ చూసి బెదిరి పుస్తకం మూసేసేవాళ్లు ఉంటారు. ముందే చెప్పి ఉంచండి. కనీసం ఇద్దరి దగ్గర మాత్రం ఈ ప్రతి ఉండాలి. ఎవరు ఏ మాట ఏ భాషలో అన్నారన్నది ఈ నవలలో ఊరికే రాలేదు. పీటర్స్‌బర్గ్ దొరలు దేశభక్తి కబుర్లు కూడా ఫ్రెంచిలోనే చెప్పుకుంటారు. మాడ్ అనువాదం 1920ల నాటిది, భాష కాస్త పాత వాసన, అయినా గట్టి పనితనం. మాండెల్కర్ సరిదిద్దిన ఆక్స్‌ఫర్డ్ ప్రతి (2010) తీసుకుంటే ఫ్రెంచి తిరిగి వచ్చేసింది, పేర్లు కూడా రష్యన్ రూపంలోకి మారాయి.

పాత మాడ్‌లో పేర్లకి ఇంగ్లీషు వేషం వేశారు: ఆంద్రేయ్‌ని ఆండ్రూ అన్నారు, నికోలాయ్‌ని నికొలస్ అన్నారు, మార్యాని మేరీ అన్నారు. చర్చలో ‘ఆండ్రూ ఎవరండీ?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు.

ఒక ఉచ్చు ఉంది. ఆన్‌లైన్‌లో చవగ్గా కనపడితే ‘ఒరిజినల్ వెర్షన్’ అని రాసి ఉన్న 2007 నాటి బ్రోమ్‌ఫీల్డ్ అనువాదం కొనకండి. అది టాల్‌స్టాయ్ తొలి చిత్తుప్రతి. దాదాపు 900 పేజీలే ఉంటుంది, ముగింపే వేరు. గుంపులో ఒక్కరు అది కొన్నా ఏప్రిల్ నుంచి ఇద్దరు వేర్వేరు నవలల గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

తెలుగు ప్రతి చేతికొస్తే కొనేముందు చివర చూడండి. ఆఖరి పన్నెండు అధ్యాయాల్లో ఒక్క పాత్రా కనపడక అంతా తర్కమే ఉంటే అది పూర్తి పుస్తకం. కుటుంబాల కథతోనే ముగిసిపోతే కత్తెర పడినట్టు.


గోదారిగట్టు:

నంబర్ల సంగతి పైనాయన చెప్పేశారు కాబట్టి నేను వారాల లెక్క చెప్తాను. నా నంబర్లన్నీ 361 అధ్యాయాల ప్రతివి.

రోజుకో అధ్యాయం చొప్పున ఏడాదంతా చదివే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది. అధ్యాయాలు చిన్నవి, మూడు నాలుగు పేజీలు. లెక్క కూడా ఏడాదికి ముచ్చటగా సరిపోతుంది. ఒంటరిగా చదివేవాళ్లకి అది బాగుంటుంది. వారానికోసారి కలిసే గుంపుకి మాత్రం పనికిరాదంటాను. ఏడు అధ్యాయాలంటే పాతిక ముప్పై పేజీలు, గంటసేపు మాట్లాడటానికి సరుకు చాలదు. పైగా ఏడాది అన్నది పదకొండు మందికి మరీ ఎక్కువ. మధ్యలో పెళ్లిళ్లు, పరీక్షలు, బదిలీలు, ఇండియా ప్రయాణాలు అన్నీ వచ్చిపడతాయి.

మీకు సరిపడేది 31 వారాల పథకం: 28 చదివే వారాలు, 3 ఖాళీ వారాలు. సగటున వారానికి 13 అధ్యాయాలు, సుమారు 45 పేజీలు. గంటకి పాతిక పేజీలు చదివేవాళ్లకి రెండు గంటల లోపు పని. జనవరి మొదటి వారం మొదలుపెడితే ఆగస్టు మొదట్లో తేలతారు.

సగటుని అన్ని వారాలకీ సమానంగా పంచితే మాత్రం దెబ్బతింటారు. మొదట్లో తక్కువ పెట్టాలి, మధ్యలో పెంచాలి. మొదటి భాగానికి మూడు వారాలివ్వండి: 1–6, 7–17, 18–25. (మాడ్ వాళ్లకి 1–9, 10–20, 21–28.) ఈ మూడు కోతలూ కథ ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడే పడతాయి: పీటర్స్‌బర్గ్ విందు, మాస్కోలో రొస్తోవుల ఇల్లు, తర్వాత ముసలి కౌంట్ బెజూహవ్ మరణశయ్య, బోల్కోన్‌స్కీల పల్లెటూరి భవనం. ఒక్కో వారం ఒక్కో ఇంటితో పరిచయం. మొదటి ప్రమాదం ఇక్కడే: తొందరపడి ఒకే వారంలో 25 అధ్యాయాలు పెట్టిన గుంపులు ఆ వారమే సగం ఖాళీ అవుతాయి.

1.2 (మొదటి సంపుటం, రెండో భాగం) రెండు వారాలు: 1–12, 13–21. ఇక్కడ రెండో ప్రమాదం. ఆస్ట్రియాలో యుద్ధం, సైన్యాధికారుల పేర్లు, నది దాటడాలు, వంతెన కాల్చడాలు. ఎవరు ఎటు పోతున్నారో తెలియక విసుగొస్తుంది. మందు ఒక్కటే, చేత్తో గీసిన చిన్న పటం. బ్రౌనావ్, ఎన్స్, క్రెమ్స్, వియెన్నా, బ్ర్యూన్, షోన్‌గ్రాబెర్న్, ఓల్మ్యూట్స్, ఆస్టర్‌లిట్స్: ఈ ఎనిమిది చుక్కలు చాలు. నెపోలియన్ పడమటి నుంచి వస్తున్నాడు, రష్యన్ సేనాధిపతి కుతూజొవ్ తూర్పుకి వెనక్కి తగ్గుతున్నాడు, అతని కింది సేనాని బగ్రాతియోన్ చిన్న దళంతో అడ్డం నిలబడితే మిగతా సైన్యం తప్పించుకుంది. ఇంత తెలిస్తే ఫిరంగుల దగ్గర తూషిన్ అనే అధికారి చేసేదేమిటో దానంతటదే అర్థమవుతుంది.

1.3కి 1–10, 11–19. ఎనిమిదో వారం ఖాళీ, వెనకబడ్డవాళ్లు అందుకోవడానికి. ఆ ఆదివారం మీటింగు కూడా పెట్టొద్దు. పెడితే ముందున్నవాళ్లు వచ్చి మాట్లాడుకుంటారు, వెనకబడ్డవాళ్లు ఇంకా ముడుచుకుంటారు.

రెండో సంపుటం: 2.1 ఒక వారం, 2.2 రెండు, 2.3 రెండు, 2.4 ఒకటి, 2.5 రెండు. 2.2లో ఫ్రీమేసన్లనే రహస్య సంఘం తంతు వస్తుంది, పియేర్ కళ్లకి గంతలు కట్టి దీక్ష ఇవ్వడం వగైరా. అది మూడో ప్రమాదం. అక్కడ ఎవరైనా నీరసిస్తే ‘2.4 దాకా ఓపిక పట్టండి’ అనండి. వేట, క్రిస్మస్ వేషాలు, మంచులో బళ్ల పందెం ఉన్న ఆ 13 అధ్యాయాల భాగం తర్వాత గుంపు వదిలి వెళ్లేవాళ్లు అరుదు. దాని తర్వాతి భాగాన్ని రెండు వారాలు ఆపడమే కష్టం, జనం ముందుకు పరుగెడతారు. పరుగెత్తనివ్వండి, నోరు మాత్రం మూసుకోమనండి.

17వ వారం ఖాళీ. 3.1 రెండు వారాలు. 3.2 మూడు: 1–14, 15–25, 26–39. 3.3 రెండు. 25వ వారం ఖాళీ. నాలుగో సంపుటంలో నాలుగు భాగాలకి నాలుగు వారాలు, ఒక్కోటీ 16 నుంచి 20 అధ్యాయాలు. అప్పటికి చేతివాటం వచ్చేసి ఉంటుంది కాబట్టి బరువనిపించదు. ఎపిలోగ్‌కి రెండు వారాలు.

బొరొదినో దగ్గర తేదీల తికమక ఉంటుంది. నవలలో ఆ యుద్ధం 1812 ఆగస్టు 26న, గూగుల్‌లో వెతికితే సెప్టెంబరు 7. రెండూ సరైనవే. రష్యాలో అప్పటికి పాత కేలండరే, మిగతా యూరప్ కంటే 12 రోజులు వెనక. ఆస్టర్‌లిట్స్ యుద్ధం కూడా అంతే, నవంబరు 20 అన్నా డిసెంబరు 2 అన్నా ఒకటే రోజు.

సమయం: హైదరాబాద్ రాత్రి 8:30 పెట్టండి. డాలస్‌లో జనవరిలో ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 3. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం జరుపుతుంది, అప్పట్నుంచి డాలస్‌కి 10. లండన్ మార్చి ఆఖరి ఆదివారం జరుపుతుంది, వాళ్లకి 4. మధ్యలో ఆ రెండు మూడు వారాలూ ఒకరికి మారి ఇంకొకరికి మారదు. కేలండర్ ఆహ్వానం ఇండియా టైముకి కట్టి పంపితే ఈ లెక్క ఎవరూ వేసుకోనక్కర్లేదు.


మూడోబెంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలండి. మొదటి భాగం చివరి నంబరు అడిగితే ఏడుగురికి 25, ముగ్గురికి 28 వచ్చాయి. ఒకరికి 28 ఉంది గానీ ‘సంపుటాలు’ అని కూడా ఉందంటున్నారు, చూస్తున్నాం. పేర్ల సంగతి ఎవరైనా చెప్పండి. ఒకావిడ ముందే ఇంటర్నెట్‌లో పాత్రల పట్టిక చదివేసి, ఎవరు చనిపోతారో గ్రూపులో పెట్టేశారు.


ఎర్రసిరా:

అయ్యో. పాత్రల పట్టికలతో వచ్చే తిప్పలు అవే. వికీపీడియా పట్టికే కాదు, కొన్ని ప్రతుల్లో పుస్తకం ముందు వేసే వంశవృక్షం కూడా ఎవరికి ఎవరితో పెళ్లవుతుందో గీత గీసి చూపిస్తుంది. ఆ పేజీలు స్టేపుల్ కొట్టేయమనండి.

మీ పట్టిక మీరే తయారుచేసుకోండి. గూగుల్ షీట్‌లో నాలుగే గళ్లు: నవలలో పిలిచే పేర్లన్నీ, తండ్రి పేరు, ఏ ఇల్లు, మొదట కనపడిన అధ్యాయం. ‘తర్వాత ఏమవుతుంది’ అన్న గడి పెట్టొద్దు. మనుషులు ఐదు వందలకి పైనే ఉంటారు, భయపడకండి. మొదటి భాగం అయ్యేసరికి పాతిక పేర్లు పట్టికలో ఉంటే బండి నడుస్తుంది. ఇళ్లు ఐదు: బెజూహవ్, రొస్తోవ్, బోల్కోన్‌స్కీ, కురాగిన్, ద్రుబెత్‌స్కోయ్. ఐదుగురికి తలా ఒక ఇల్లు అప్పజెప్పండి, ఆ ఇంటి వరసలు నింపే బాధ్యత వాళ్లదే.

రష్యన్ పేరులో మధ్య మాట తండ్రి పేరు. మనం ‘ఫలానావారి అబ్బాయి’ అన్నట్టే, ఇల్యీచ్ అంటే ఇల్యా కొడుకు, ఇల్యీనిచ్నా అంటే ఇల్యా కూతురు. కాబట్టి నికోలాయ్ ఇల్యీచ్, నతాల్యా ఇల్యీనిచ్నా అని కనపడగానే అన్నాచెల్లెళ్లని తెలిసిపోవాలి. ఆంద్రేయ్ నికొలాయెవిచ్, మార్యా నికొలాయెవ్నా కూడా అంతే. ఆడవాళ్లకి ఇంటిపేరు తోక మారుతుంది: రొస్తోవ్–రొస్తోవా, బోల్కోన్‌స్కీ–బోల్కోన్‌స్కాయా. అది ఇంకో కుటుంబం కాదు.

నిజంగా తికమకపెట్టేవి ఒకే పేరున్న జంటలు. ఇవి ముందే చెప్పి ఉంచండి, కథేమీ బయటపడదు. నికోలాయ్‌లు: ముసలి బోల్కోన్‌స్కీ ఒకడు, కుర్ర రొస్తోవ్ ఒకడు. ప్యోత్ర్‌లు ఇద్దరు: పియేర్ అసలు పేరు ప్యోత్ర్ కిరిల్లొవిచ్, రొస్తోవుల చిన్న కొడుకు పేత్యా కూడా ప్యోత్రే. అన్నా పావ్లొవ్నా విందు ఇచ్చే షేరెర్, అన్నా మిహైలొవ్నా కొడుకు బరీస్ కోసం అందరి కాళ్లావేళ్లా పడే తల్లి. ప్రిన్స్ వసీలీ అంటే కురాగిన్. వాస్కా అంటే హుసార్ (గుర్రపు దళం) అధికారి దెనీసొవ్. ఈ దెనీసొవ్‌కి ‘ర’ పలకదు. మాడ్ దాన్ని ‘వ’గా రాస్తే, పెవేర్ గొంతులోంచి వచ్చే ‘ఘ’గా రాశారు. అందుకే ఒక ప్రతిలో ‘వొస్తోవ్’ అని కనపడితే కొత్త పాత్ర వచ్చిందనుకోకండి.

ప్రిన్స్ అన్నచోట తెలుగులో ‘రాకుమారుడు’ అనుకుంటే బొమ్మంతా తప్పిపోతుంది. అది రష్యన్‌లో క్న్యాజ్, పెద్ద జమీందారీ వంశాల బిరుదు. ప్రిన్స్ ఆంద్రేయ్ తండ్రి రాజు కాడు, పొలాలూ కౌళ్లూ ఉన్న రిటైర్డ్ సేనాని.

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక లాభం ఉంది, వాడుకోండి. రష్యన్‌లో నువ్వు, మీరు వేరు. ఇంగ్లీషులో రెండూ ‘యు’లో కలిసిపోయాయి. 2.1.1లో నికోలాయ్ సెలవు మీద ఇంటికొస్తాడు. సోన్యా చెయ్యి ముద్దు పెట్టుకుని ఆమెని ‘మీరు’ అంటాడు. వాళ్ల కళ్లు కలిసినప్పుడు మాత్రం ఒకరినొకరు ‘నువ్వు’ అనుకుంటాయి. ఆ వాక్యం ఇంగ్లీషులో ‘దౌ’, ‘యు’ అని కుస్తీ పట్టి గానీ కుదరదు, లేదా అడుగున నోట్ వెయ్యాలి. మనకి ఒక్క అక్షరం కూడా విడమర్చనక్కర్లేదు. అందుకని వారానికొకరు తమకి నచ్చిన ఒక పేజీని నోటితోనే తెలుగులోకి చెప్పాలని నియమం పెట్టండి. రాసుకు రానక్కర్లేదు. ఎవరు ఎవరిని నువ్వు అనాలి, ఎవరు గారు అనాలి, మార్యా తన తండ్రితో ఎలా మాట్లాడుతుంది అని తేల్చుకోవాల్సి వచ్చేసరికి గుంపంతా ఆ పేజీలోకి దిగుతుంది. ఇంగ్లీషు లావు పుస్తకం అలవాటు లేనివాళ్లు కూడా ఇక్కడ నోరు విప్పుతారు.

ఇలాంటి పేజీకి మంచి ఎంపికలు: 2.3.1లో ఆంద్రేయ్ బండిలో పోతూ చూసిన మోడు సిందూర (ఓక్) చెట్టు, 2.3.3లో అదే దారిన తిరిగొస్తూ ఆకులతో నిండిన ఆ చెట్టుని గుర్తుపట్టలేకపోవడం. రెండూ ఒకే ఆదివారం, ఇద్దరి చేత చెప్పించండి.

మీటింగు 75 నిమిషాలు దాటొద్దు. పది నిమిషాలు ‘ఈ వారం ఏం జరిగింది’, వెనకబడ్డవాళ్ల కోసం. పావుగంట ఆ తెలుగు పేజీ. నలభై నిమిషాలు చర్చ, మూడు ప్రశ్నలు శుక్రవారమే గ్రూపులో పడాలి. మిగతా పది వచ్చేవారం అప్పగింతలు. ప్రశ్న అడిగే బాధ్యత మారుతూ ఉండాలి. ప్రతి వారం ఒకరే నడిపితే మిగతావాళ్లు క్లాసుకొచ్చినట్టు కూర్చుంటారు. ‘మీకు నతాషా నచ్చిందా’ లాంటి ప్రశ్న ఐదు నిమిషాల్లో చచ్చిపోతుంది. ‘ఆస్టర్‌లిట్స్‌లో ఆంద్రేయ్ జెండా పట్టుకుని పరుగెత్తడం ధైర్యమా, పేరు కోసం ఆరాటమా? ఏ వాక్యం చూసి అంటున్నారు?’ అని అడిగితే పుస్తకం తెరుస్తారు.


గోదారిగట్టు:

ఎర్రసిరా గారి తెలుగు పేజీ ఆలోచన బ్రహ్మాండం. ఒక్క సవరణ. వెనకబడ్డవాళ్ల కోసం కథ చెప్పడం పది నిమిషాలు దాటితే, చదవకుండా వచ్చేవాళ్లు పెరుగుతారు. ఐదు చాలు.

మీ నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నా మాట: మూడో సంపుటం నుంచి వచ్చే వ్యాసాల్లో ఇష్టం లేనివి దాటేయొచ్చు. ఆఖరి ఎపిలోగ్ రెండో భాగం మొత్తం ఐచ్ఛికం. గుంపు 350 అధ్యాయాలు మోసుకొచ్చి చివరి పన్నెండు దగ్గర కూలబడటం దేనికి? టాల్‌స్టాయే 1873 ప్రతిలో ఈ చర్చలన్నీ కథలోంచి తీసి వెనక అనుబంధంలో పడేశాడు, ఫ్రెంచి కూడా తీసేశాడు. రాసినాయనకి లేని పట్టుదల మనకెందుకు?


పాతపుస్తకాలబజారు:

1873లో తీసిన మాట నిజమే. 1886 ప్రతిలో ఫ్రెంచీ, చర్చలూ తిరిగి వచ్చిన మాట కూడా చెప్పాలి కదండీ. మనం ఇవాళ చదివే ప్రతుల్లో అవి ఉన్నది అందుకే.

దాటేయడంలో ఇబ్బంది ఏమిటంటే, వ్యాసం వేరు కథ వేరు కావు. 3.3.1 చూడండి. అకిలీస్ తాబేలుని ఎన్నటికీ అందుకోలేడన్న పాత చిక్కు తెచ్చి, కదలికని ముక్కలు ముక్కలుగా కోస్తే వచ్చే తప్పు అదేనంటాడు. చరిత్రకారులు ఒక రాజునో ఒక సేనానినో ఎత్తి చూపించి ‘ఇతని వల్లే జరిగింది’ అనడమూ అలాంటి కోతేనంటాడు. అతి చిన్న ముక్కలు తీసుకుని వాటన్నిటినీ కూడాలి అంటాడు, కలన గణితంలోలాగా. నవల చేస్తున్న పనే అది. తూషిన్, పేత్యా, సోన్యా, ఒక వంటవాడు, ఒక గుర్రం అన్నీ ఆ చిన్న ముక్కలే. ఆ రెండు మూడు పేజీలు దాటేసినవాళ్లు ‘కుతూజొవ్ ఏమీ చెయ్యకుండా కునుకు తీస్తాడేమిటి?’ అని 4.2 దాకా అడుగుతూనే ఉంటారు.

ఆఖరి పన్నెండు కష్టమేనని ఒప్పుకుంటాను. రాజీ చెప్తాను. అందరూ 1, 3, 8, 9, 10, 12 చదవాలి. మిగతా ఆరింటినీ ఇద్దరు చదివొచ్చి చెప్పాలి. మూడోదిలో రైలింజను పోలిక ఉంది. ఇంజను ఎందుకు కదులుతోంది అంటే ఒక రైతు దయ్యం కదుపుతోందంటాడు, ఒకడు చక్రాలు తిరుగుతున్నాయి కాబట్టి అంటాడు, ఇంకొకడు గాలికి కొట్టుకుపోయే పొగే కారణమంటాడు. ‘నెపోలియన్ వల్ల యుద్ధం వచ్చింది’ అనేవాళ్లు ఈ ముగ్గురిలో ఎవరు? ఆ ఒక్క ప్రశ్న మీద నలభై నిమిషాలు గడిచిపోతాయి. ఎనిమిది నుంచి మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అన్న వాదం. పన్నెండులో కోపెర్నికస్‌ని తెస్తాడు: భూమి కదలడం మనకి తెలియదు, అయినా ఒప్పుకున్నాం కదా, ఇదీ అలాగే ఒప్పుకోవాలని.

ఎపిలోగ్ మొదటి భాగం మీద మాత్రం బేరం లేదు. కథ ముగిసేది అక్కడ.


గోదారిగట్టు:

ఆరు అధ్యాయాలకైతే ఒప్పుకుంటా. కానీ 31వ వారం దానికొక్కదానికే ఉంచండి, ముందు భాగంతో కలపొద్దు. కలిపితే అందరూ పెళ్లిళ్లు పిల్లల గురించే మాట్లాడతారు, ఇంజను పట్టాలెక్కదు.


మూడోబెంచి:

అలాగే పెట్టేస్తున్నాను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఒకరు ఆడియో వింటాం అంటున్నారు, పర్వాలేదా? ఇంకోటి, ఎంతమంది మిగులుతారనుకోవచ్చు?


ఎర్రసిరా:

ఆడియో పర్వాలేదు, మొత్తం 60 గంటల పైమాటే. వారానికి రెండు గంటల పైన పడుతుంది, వంట చేస్తూనో నడుస్తూనో అయిపోతుంది. లాభం ఏమిటంటే పేర్లు ఎలా పలకాలో చెవిన పడతాయి. నష్టం ఏమిటంటే 1.1లో విన్న పేరు కోసం వెనక్కి తిప్పుకోలేరు. అందుకని ఆడియోవాళ్లు మొదటి భాగం మాత్రం పుస్తకం చేతిలో పెట్టుకుని వినాలి. లిబ్రివాక్స్‌లో ఉచితంగా ఉన్నది మాడ్ అనువాదం, కాబట్టి అది బుక్‌ల లెక్క. వాళ్లకి పై సూత్రం ఇచ్చేయండి.

ఎంతమంది మిగులుతారో అంకె చెప్పను. ఎవరు తగ్గుతారో మాత్రం మూడో వారానికే తెలుస్తుంది. పట్టికలో తమ ఇంటి వరసలు నింపనివాళ్లు. వాళ్లకి ఫోన్ చేసి ‘ఎంతవరకు వచ్చారు’ అని అడక్కండి, సిగ్గుపడి తప్పుకుంటారు. వచ్చేవారం తెలుగు పేజీ వాళ్లకే అప్పజెప్పండి. ఆ ఒక్క పేజీ చదివినా చాలని, వెనక వదిలేసినవి ఖాళీ వారంలో చూసుకోవచ్చని చెప్పండి. ఎనిమిదో వారానికి కూడా అందుకోలేకపోతే మొదటి సంపుటంలో మిగిలిన అధ్యాయాల సారాంశం ఎవరి చేతనైనా ఒక్క పుట రాయించి ఇచ్చి, 2.1 నుంచి అందరితో పాటు నడిపించండి. అక్కడ నికోలాయ్ సెలవు మీద ఇంటికొస్తున్నాడు, కొత్తగా వచ్చి చేరేవాళ్లకి కూడా అది మంచి గుమ్మం.


మూడోబెంచి:

28 వచ్చి ‘సంపుటాలు’ అన్న ప్రతి సంగతి తేలింది. అది మాడ్ పాఠమే, ఎవరో నాలుగు ముక్కలుగా బైండు చేసి అమ్మిన ప్రింటు. ముందు పేజీలో అనువాదకుల పేరే లేదు. దానికి బుక్‌ల లెక్కే ఇచ్చాం. పట్టిక తెరిచాం, కురాగిన్‌ల ఇల్లు తీసుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రావట్లేదండి.


ఎర్రసిరా:

ఎందుకు రావట్లేదో ఇప్పుడే చెబితే కథ బయటపడుతుంది. ఆ స్పాయిలర్ పెట్టినావిడకి ఇచ్చేయండి.